మూత మీది స్టిక్కర్

కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే ముందు వీణ వాయిస్తారు. మీరు మాకెంతో ముఖ్యమని మధ్యమధ్యలో ఒక తీయటి గొంతు చెబుతూ ఉంటుంది. అంత ముఖ్యమైన మనిషిని అంతసేపు ఎందుకు కూర్చోబెడతారో మెర్లిన్‌కు ఎప్పుడూ అర్థం కాలేదు. ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద పడేసి, ఆగిపోయి మళ్ళీ తనంతట తానే లేస్తున్న సర్వర్ వంక చూస్తూ కూర్చుంది. చివరికి అవతల ఒకతను పలికాడు.

"మేడమ్, సర్వర్‌లో ఏ సిస్టం వేసుకున్నారు?"

లినక్స్ అని చెప్పింది.

"అది మా సపోర్టులోకి రాదు మేడమ్."

ఏమైందని అడగలేదు. పొగ వస్తోందా, నిప్పంటుకుందా అని అడగలేదు. జ్వరంతో వచ్చిన మనిషిని ఒంట్లో ఎలా ఉందని అడక్కుండా, పొద్దున ఏ హోటల్లో టిఫిన్ చేశావని అడిగి, ఆ హోటల్ మా లిస్టులో లేదని తలుపేసుకునే డాక్టరును ఆమె ఎక్కడా చూడలేదు. కంప్యూటర్లు అమ్మేవాళ్ళలో మాత్రం ఇప్పుడు చూసింది.

బోగోలు మండలంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, సరుగుడు తోపుల వెనక ఉన్న రొయ్య పిల్లల హేచరీ అది. యజమాని పద్మనాభయ్యది కొడవలూరు. వరి పండించుకునే కుటుంబం నుంచి వచ్చి, రొయ్యల్లోకి దిగి, మునిగి, తేలి, నిలదొక్కుకున్నాడు. మెర్లిన్ అక్కడ కంప్యూటర్ల ఇన్‌ఛార్జి. షెడ్లలో వరసగా తొట్లు, తొట్లలో కంటికి ఆనీ ఆనని పిల్లలు. వాటికి నీళ్ళలో గాలి బుడగలు ఆడుతూనే ఉండాలి. గాలి కొట్టే బ్లోయర్ ఆగిందంటే కాసేపటికే అడుక్కు చేరి, తెల్లబడి చచ్చిపోతాయి. అందుకని మెర్లిన్ ప్రతి తొట్టిలోనూ ఆక్సిజన్ కొలిచే కడ్డీ పెట్టించి, ఆ కొలతలన్నీ సర్వర్‌కు చేరేలా ఒక ఏర్పాటు చేసింది. ఎక్కడ ఆక్సిజన్ తగ్గినా సర్వర్ సైరన్ మోగిస్తుంది, అందరి ఫోన్లకూ కబురు పెడుతుంది. అంతకు ముందు ఎవరో ఒకరు ఎప్పుడూ తొట్ల మధ్య తిరుగుతూ నీళ్ళ వంక చూస్తూ ఉండేవాళ్ళు. సైరన్ వచ్చాక అందరూ కలిసి కూర్చుని నిశ్చింతగా అన్నం తినడం మొదలుపెట్టారు.

ఆ ఏర్పాటంతా లినక్స్ మీద కట్టింది. విండోస్ లాగే లినక్స్ కూడా కంప్యూటర్‌ను నడిపించే సిస్టం, కాకపోతే ఏ ఒక్కరి సొత్తూ కాదు. లోపల ఏముందో ఎవరైనా చూసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, ఊరికే వాడుకోవచ్చు. ప్రపంచంలో పెద్దపెద్ద పనులు చేసే సర్వర్లు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయని మెర్లిన్ పద్మనాభయ్యకు ఓపిగ్గా వివరించింది. ఆయనకు మిగతాదంతా గాలికి పోయి, 'ఊరికే' అన్న మాట ఒక్కటే చెవికెక్కింది. సరేనన్నాడు.

సర్వర్ అమ్మడానికి వచ్చిన మనిషి కూడా సరేనన్నాడు. అమ్మేటప్పుడు వాళ్ళు దేనికైనా సరేనంటారు. నున్నటి కాగితం మీద అచ్చేసిన రంగుల పుస్తకం విప్పి, 'లినక్స్ సపోర్టెడ్' అన్న చోట వేలు పెట్టి చూపించాడు. అబద్ధమేమీ కాదు, అక్కడ ఉంది. దాని పక్కన ఒక చిన్న చుక్క, పుట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఆ చుక్కకు వివరణ కూడా ఉన్నాయి. ఫలానా సంస్థ చందా తీసుకుని ఇచ్చే లినక్స్, అందులోనూ ఫలానా పాత వెర్షన్ అయితేనే సపోర్టు అని దాని సారాంశం. మెర్లిన్ ఆ చుక్కను చూడనే లేదు. ఇంత చదువుకుని, అమ్మేవాడు వేలు పెట్టిన చోట మాత్రమే చూసింది.

సర్వర్ మూత అంచున వెండి రంగు స్టిక్కర్ ఒకటి అంటించి ఉంది. అది చినిగితే వారెంటీ చెల్లదు. ఆ ముక్క చెవిన పడ్డ రోజు నుంచి పద్మనాభయ్యకు సర్వర్ కంటే స్టిక్కరే ఎక్కువైపోయింది. విజయదశమికి ఆయుధ పూజ చేసినప్పుడు బ్లోయర్లకు, జనరేటర్‌కు, వ్యానుకు వీలైన చోటల్లా బొట్టు పెట్టిన మనిషి, సర్వర్ దగ్గరకు వచ్చేసరికి చూసి చూసి సరిగ్గా ఆ స్టిక్కర్ మీదే పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ పెట్టాడు. మెర్లిన్ చర్చికి పోయే మనిషి. పక్కన చేతులు కట్టుకుని నిలబడి, తన ప్రార్థన తాను మనసులో చేసుకుంది. మొత్తానికి ఆ స్టిక్కర్‌కు రెండు వైపుల నుంచీ దైవబలం దొరికింది.

ఇప్పుడు ఆ సర్వర్ మొరాయిస్తోంది. ఉన్నట్టుండి పడిపోతుంది, మళ్ళీ లేస్తుంది. లేచిన ప్రతిసారీ, డిస్కులను నడిపించే కార్డు మధ్యలో మాయమైపోతోందని లినక్స్ తెర మీద మొత్తుకుంటూనే ఉంది. తప్పు సిస్టంలో లేదు, పెట్టెలో ఉంది. అదే మాట ఆమె ఫోన్లో చెప్పింది.

"అయితే ఆ కార్డును నడిపే లోపలి ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, కొత్తది ఎక్కించండి మేడమ్. మా వెబ్‌సైట్లో ఉంది."

"చూశాను. అది విండోస్‌లో తప్ప నడవదు."

"అవును మేడమ్. కాబట్టి ముందు విండోస్ వేసుకోండి."

"డిస్కులే నిలబడ్డం లేదంటున్నా కదా. దేని మీద వేసేది?"

"కార్డు రిపేరు చేయించుకుని వేసుకోండి."

"రిపేరు చేసేదెవరు?"

"మేమే మేడమ్. సపోర్టులోకి వస్తే."

అతను వెటకారం చేయడం లేదు. ఆ సంగతే ఆమెకు ఎక్కువ మంటగా ఉంది. వెటకారం చేసేవాడికి ఎదుటివాడు చెప్పింది అర్థమైనా అవుతుంది. ఇతను ఎవరో రాసిచ్చింది చదువుతున్నాడు, ఆ రాసినవాడు ఏ సముద్రపొడ్డూ ఏ తొట్టీ చూసినవాడు కాదు. పెట్టేసే ముందు, మా సేవలు తృప్తిగా ఉంటే అయిదు నక్షత్రాలు ఇవ్వమని కూడా అడిగాడు. మెర్లిన్ నోటిదాకా వచ్చింది మింగేసి ఫోను కట్ చేసింది.

నేరుగా పద్మనాభయ్య గదికి పోయింది. మూత తెరుస్తానంది. లోపల డిస్కులు బాగానే ఉన్నాయని, వాటిని తీసి ప్యాకింగ్ షెడ్డులో మూల పడి ఉన్న పాత కంప్యూటర్‌లో పెడితే చాలని, లినక్స్‌కు ఏ పెట్టె అన్న పట్టింపు లేదని, సైరన్ ఎప్పటిలాగే పనిచేస్తుందని చెప్పింది. ఆయన అదంతా విన్నాడు. విని, మూత తెరవడం అన్న దగ్గరే ఆగిపోయాడు.

"స్టిక్కర్ చినిగిందంటే రేపు వాళ్ళు మన గడప తొక్కరు. పెద్ద కంపెనీమ్మా అది, వొస్తారు, చూస్తారు. అయినా ఊరికే వొచ్చింది తెచ్చి పెట్టినావు, అది నిలబడుద్దా? తప్పు నీ లినక్స్‌దేనని కంపెనీ మనిషి గాని చెప్పినాడా, దాన్ని పీకి పారేద్దాం. అప్పుడు నువ్వు ప్యాకింగ్ షెడ్డులోకి పో, సంచులు లెక్కపెట్టుకుందువు."

ఊరికే వస్తుందని సంబరపడి సరేనన్నది ఆయనే. ఆ సంగతి గుర్తుచేస్తే ఉద్యోగం ఇప్పుడే పోతుందని మెర్లిన్ ఊరుకుంది. ప్యాకింగ్ షెడ్డంటే, పిల్లల్ని నీళ్ళతో సంచుల్లో పోసి, ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండు వేసి వ్యానుకెక్కించే చోటు. పనిలో పొరపాటు చేసినవాళ్ళను పద్మనాభయ్య అక్కడికే పంపుతాడు. సంచులు లెక్కపెట్టడం తప్పు పనని కాదు ఆమె బాధ. ఏళ్ళ తరబడి ఒక్కతే కూర్చుని కట్టుకున్నదాన్ని, అదేమిటో తెలియనివాడొకడు వచ్చి దోషి అని ఒక్క మాట అంటే పీకేస్తారు. ఆమెకు భయం వేసింది, ఆ భయానికి ఒళ్ళు మండింది.

షెడ్ల సూపర్‌వైజర్ పెంచలకృష్ణను పిలిచి, సర్వర్‌ను నమ్మొద్దని, మనిషినొకర్ని తొట్ల దగ్గర నిలబెట్టమని చెప్పింది. అతను బుద్ధిగా నిలబెట్టాడు. ఆ తర్వాత సర్వర్ ఏ మూడ్‌లో ఉందో, కొన్నాళ్ళు పడిపోకుండా నడిచింది. ఒకసారి సైరన్ కూడా సరిగ్గా మోగింది. ఇంకేం, నిలబడ్డ మనిషికి కాళ్ళు నొప్పులు పుట్టాయి, అన్నాల వేళకు అందరితో పాటు అతనూ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. లైట్లు వెలిగాయి, పంపులు తిరిగాయి, చివరి షెడ్డులో బ్లోయర్ మాత్రం లేవలేదు. ఆక్సిజన్ పడిపోయింది. ఆ సంగతి చెప్పాల్సిన సర్వర్ అంతకు కాసేపటి ముందే చడీచప్పుడు లేకుండా పడిపోయి, ఈసారి లేవకుండా ఉండిపోయింది. సైరన్ మోగలేదు, ఎవరి ఫోనూ పలకలేదు. రేకుల నీడన గుండ్రంగా కూర్చుని అందరూ చేపల పులుసు కలుపుకుంటున్నారు. మెర్లిన్ కూడా అక్కడే తింటోంది.

చెయ్యి కడుక్కుని లోపలికి పోయిన పెంచలకృష్ణ తొట్టి దగ్గర నిలబడి, "అక్కా, రా" అని మాత్రం అన్నాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అడుగున బియ్యపు నూక పోసినట్టు తెల్లగా పరుచుకుని ఉంది. ఆమె చేతికి ఇంకా పులుసు అంటుకునే ఉంది, దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడింది. అంతకంతకూ ఏడుపు వచ్చింది. నిన్న ఆ పిల్లలన్నీ వెలుతురు పడిన వైపుకు ఒక్కసారిగా ఈదుకుంటూ పోవడం ఆమె చూసింది.

అప్పుడు పద్మనాభయ్య కంపెనీకి స్వయంగా ఫోన్ చేశాడు. వీణ పూర్తయ్యేదాకా ఆగలేదు. నెల్లూరులో సర్వర్ అమ్మిన మనిషిని పట్టుకుని, వాళ్ళ పైవాణ్ణి పట్టుకుని, మీ షోరూము ముందర చచ్చిన రొయ్య పిల్లల్ని తెచ్చి పోస్తానన్నాడు. వేసవిలో అది ఎంత కంపు కొడుతుందో ఊహించుకున్నట్టున్నారు. సపోర్టులోకి రాని సర్వర్ దగ్గరికి మర్నాడే ఇంజనీరు వచ్చాడు.

అతని పేరు సుకుమార్. ఇస్త్రీ నలగని చొక్కా, మెళ్ళో కంపెనీ కార్డు. సర్వర్ గది గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో బూట్లు ముంచి రమ్మంటే మొహం చిట్లించుకుంటూ ముంచాడు. లోపలికి రాగానే దగ్గాడు. మెర్లిన్‌ను ఏమీ అడగలేదు. యజమానికి నమస్కారం చేసి, లినక్స్ అయితే కంపెనీ బాధ్యత ఉండదని, మానవతా దృష్టితో వచ్చానని ముందే చెప్పి చేతులు దులుపుకున్నాడు. సంచిలోంచి పెన్ డ్రైవ్ ఒకటి తీసి, ఇది కంపెనీ సొంతంగా తయారుచేసిన పరీక్ష అని, దీనికి తెలియని జబ్బు లేదని చెప్పి సర్వర్‌కు గుచ్చి, మీట నొక్కాడు.

తెర నల్లబడింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు బిరబిరా పైకి పాకిపోయాయి. తెర పైన ఒక మూల తెల్లటి పొట్ట, పసుపు ముక్కు, పసుపు కాళ్ళతో ఒక బొమ్మ కూర్చుని ఉంది. మెర్లిన్ నోరు తెరిచే లోపల పద్మనాభయ్యే వంగి చూశాడు.

"ఈ బాతును నేను చూసినానే. నీ బల్ల మీద బొమ్మ ఉంది కదమ్మా, ఇదే కదా?"

"బాతు కాదు సార్, పెంగ్విన్. లినక్స్ గుర్తు అది."

ఆయన సుకుమార్ వైపు తిరిగాడు. "అబ్బయ్యా, మా బాతు వేరే, మీ బాతు వేరేనా?"

సుకుమార్ తెరకు చెయ్యి అడ్డం పెట్టబోయి మానుకున్నాడు. "ఇది మా వాడకానికి సార్. లోపల పరీక్షలకు లినక్సే వాడతాం, బాగా నిలబడుతుంది కాబట్టి. కస్టమర్లు వాడితే మాత్రం సపోర్టు లేదు."

ఇంత మాట ఇంత నిబ్బరంగా ఎలా అన్నాడో మెర్లిన్‌కు అర్థం కాలేదు. రోజూ తింటున్న అన్నాన్ని పరాయి ఇంట్లో చూసి ఎంగిలనే మనుషులుంటారని ఆమెకు తెలుసు. కంపెనీలకు కూడా ఆ బుద్ధి ఉంటుందని మాత్రం అనుకోలేదు. ఆమె నవ్వింది. ఆ నవ్వు బాగాలేదని ఆమెకే తెలిసింది, అయినా ఆపుకోలేదు.

పరీక్ష పూర్తయింది. డిస్కులు నడిపే కార్డు చెడిపోయిందని ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. ఆమె మొదటి ఫోన్లో చెప్పిన ముక్క అది. సుకుమార్ మూత తెరవడానికి వంగాడు. పసుపు కుంకుమలతో ఉన్న స్టిక్కర్‌ను గోటితో గీరి, పరపరా లాగి, ఉండ చేసి నేల మీద పడేశాడు. పద్మనాభయ్య 'అయ్యో' అని ఒక అడుగు ముందుకేశాడు. ఇంతకాలం ఎవర్నీ వేలు పెట్టనివ్వని స్టిక్కర్ ఆయన కాళ్ళ దగ్గర దొర్లుతోంది.

మూత లేచింది. లోపల బోర్డుల మీద ఆకుపచ్చటి పొర పేరుకుని ఉంది. కార్డు కాళ్ళు పాతబడిన రాగి చెంబులా చిలుము పట్టిపోయాయి. సుకుమార్ మళ్ళీ దగ్గి, ఈ గదిలో ఈ ఘాటేమిటని అడిగాడు. సరిగ్గా అప్పుడే ఊడ్చే వెంకటశేషమ్మ బకెట్టు, తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. బకెట్టులో బ్లీచింగ్ నీళ్ళు. రెండు పూటలా ఆ గది తుడవడం ఆమె పని. అందరూ ఒకేసారి తన వైపు చూసేసరికి ఆమె బెదిరిపోయింది.

"నన్ను చూస్తారేందయ్యా? అన్ని గదులూ తుడవమని సారే కదా చెప్పింది."

నిజమే. ఒక ఏడాది వైరస్ తగిలి తొట్లు ఖాళీ అయినప్పటి నుంచి, ఆవరణలో ప్రతి గుమ్మం దగ్గరా బ్లీచింగ్ నీళ్ళు, ప్రతి గచ్చు మీదా బ్లీచింగ్ నీళ్ళు అన్నది పద్మనాభయ్య చట్టం. రొయ్య పిల్లకు పనికొచ్చేది కంప్యూటర్‌కు ఎందుకు పనికిరాదని సర్వర్ గదికీ అదే చట్టం పెట్టాడు. కిటికీలు బిగించి ఏసీ వేసి ఉంచిన గదిలో ఆ ఆవిరంతా పోయే దారిలేక సర్వర్ ముక్కుల్లోకే పోయింది. చూడవచ్చిన వాళ్ళు ఎంత శుభ్రమని మెచ్చుకుంటే, ఆ గదిలో రోజంతా కూర్చునే మెర్లిన్ పొంగిపోయి తలూపింది. లోపల ఏముందో చూసుకునే హక్కు గురించి అందరికీ పాఠాలు చెప్పిన మనిషి, తన ముక్కు ముందరి గాలిని పట్టించుకోలేదు. కంపెనీని తిట్టడానికి పోగు చేసుకున్న మాటల్లో కొన్ని తనకే సరిపోతాయని ఆమెకు తెలిసొచ్చింది.

"తుప్పు వారెంటీలోకి రాదు సార్," అన్నాడు సుకుమార్.

"మేం విండోస్ వేసుకోనుంటే వొచ్చేదా?"

"అప్పుడూ రాదు సార్. కాకపోతే మొదటి ఫోనుకే వచ్చి, రాదని చెప్పి ఉండేవాళ్ళం."

ఇంతకూ తప్పు లినక్స్‌ది ఉందా లేదా, ఆ ఒక్కటి చెప్పి పొమ్మన్నాడు పద్మనాభయ్య. ఇన్నాళ్ళూ మెర్లిన్ నెత్తి మీద వేలాడింది ఆ ఒక్క మాటే.

"లినక్స్ గురించి మంచిగానీ చెడుగానీ నేను మాట్లాడకూడదు సార్. అది మా సపోర్టులో లేదు."

ఆ మాట చెప్పి, పెన్ డ్రైవ్ పీకి జేబులో వేసుకుని, బూట్లు మళ్ళీ బ్లీచింగ్ నీళ్ళలో ముంచకుండా తొట్టి దాటి గెంతి వెళ్ళిపోయాడు. ఏ మనిషి తీర్పుకు తను ఇన్ని రోజులు భయపడిందో ఆ మనిషికి తీర్పు చెప్పే అధికారం కూడా లేదు. మెర్లిన్‌కు అసహ్యం వేసింది. అతని మీద కొంచెం, ఎదురుచూస్తూ కూర్చున్న తన మీద ఎక్కువ.

ఆమె పద్మనాభయ్యను ఏమీ అడగలేదు. మూత తెరిచే ఉంది. స్క్రూడ్రైవర్ తీసుకుని డిస్కులు విప్పి, తువ్వాలులో చుట్టుకుని, ఎండలో ప్యాకింగ్ షెడ్డుకు నడిచిపోయింది. అక్కడి పాత కంప్యూటర్ మీద దుమ్ము దులిపింది. దానికి వారెంటీ లేదు, స్టిక్కర్ లేదు, అది ఏ లిస్టులోనూ లేదు. డిస్కులు బిగించి మీట నొక్కితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పాకాయి. బొమ్మ పక్కకు చూస్తూ కూర్చుంది. ఒక్కొక్క తొట్టి కొలతా వచ్చి తెర మీద కుదురుకుంది. వెంకటశేషమ్మ వెనకాలే బకెట్టు పట్టుకుని వస్తే, ఈ మూలకు మాత్రం రావద్దని దణ్ణం పెట్టి చెప్పింది.

సైరన్ పరీక్షించాలి. నీళ్ళు మార్చిన చివరి షెడ్డు తొట్టిలో పిల్లలు లేవు. పెంచలకృష్ణను దాని గాలి గొట్టం మూసెయ్యమని, ఆక్సిజన్ కడ్డీ తీగ ఊడబీకమని చెప్పింది. అతను పీకాడు. సైరన్ అందుకుంది. తోపుల మీదుగా సముద్రం దాకా వినిపించేలా కూసింది. అన్నాలు తింటున్నవాళ్ళు కంచాలు వదిలేసి, ఎంగిలి చేతులతోనే ఆ షెడ్డుకు పరిగెత్తారు. పద్మనాభయ్య కూడా చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. పోయి చూస్తే ఖాళీ తొట్టి.

మెర్లిన్ ప్యాకింగ్ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన రొప్పుతూ ఆమె దగ్గరికి వచ్చాడు. సైరన్ మోతలో గొంతు పెంచి అడగాల్సి వచ్చింది.

"పాత దాంట్లోనే పెట్టినావా? ఎంతసేపు పట్టిందమ్మా?"

"అన్నం తిన్నంతసేపు సార్. నన్ను ప్యాకింగ్ షెడ్డుకు పొమ్మన్నారు కదా, వొచ్చేసినా. సర్వర్‌ను కూడా తెచ్చుకున్నా."

ఆయన ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. చేతికి అంటిన మెతుకులతో తన వెనకే వచ్చి నిలబడ్డవాళ్ళ వంక చూశాడు. నిన్న కూడా వాళ్ళు అన్నమే తింటున్నారు. ఆయన మొహం వాడిపోయింది. ఇక చాలు, ఆపమని చేత్తో సైగ చేశాడు.

మెర్లిన్ వెంటనే ఆపలేదు.